చప్పుడు బలము కాదు
(టర్బో కారు పొగగొట్టమును గూర్చి ఒక పాఠము)

విద్యార్థులారా,

మోటారు బండి పోని ఊరు మన తాలూకాలో నేడు అరుదు. పావగడకు, మధుగిరికి, హిందూపురమునకు పోవు బాటలయందు ద్విచక్రములు, కార్లు, లారీలు వేకువనుండి ప్రొద్దుపోవువరకు తిరుగుచునే యుండును. వానిలో కొన్ని మలుపు తిరుగకమునుపే తమ రాకను ఊరంతటికి చాటును. కంపెనీవారు అమర్చిన పొగగొట్టమును తీసివేసి, అంగడిలో కొన్న వేరొక గొట్టమును బిగించుటచే ఆ చప్పుడు పుట్టుచున్నది. బిగించుకొన్నవారు "బండికి బలము వచ్చినది" అందురు. మీలో పలువురు ఆ మాట నమ్మియుందురు.

ఆ మాటలో నిజమెంత, భ్రమ యెంత యని తూచి చూచుటయే ఈ పాఠమునకు ఉద్దేశము. ఇందుకై టర్బో యంత్రము గల వేగపు కారును ఉదాహరణముగా గైకొందము. ఏలయనగా, పొగగొట్టము మార్చుటచే కొంతయైనను నిజమైన లాభము కలుగగల వాహనము అది. అచ్చటి సత్యము తెలిసినచో మన వీధిలోని ద్విచక్రము సంగతి తెలియుట కష్టము కాదు.

1. కొలిమితిత్తి, టర్బో

కమ్మరి కొలిమిని గూర్చి మీరెరుగుదురు. తిత్తి ఊదినకొలది నిప్పు రాజుకొనును. నిప్పునకు బొగ్గు ఒక్కటియే చాలదు, గాలియు కావలెను. ఇంజనునందును ఇంతే. 1 కిలో పెట్రోలు సరిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. పెట్రోలు హెచ్చుగా పోయుట సులభము. గాలిని హెచ్చుగా నింపుటయే కష్టము. ఇంజను తనంత తాను పీల్చుకొను గాలికి ఒక హద్దు కలదు. ఆ హద్దు దాటవలెనన్నచో తిత్తి వంటి సాధనము కావలెను. ఆ సాధనమే టర్బో.

అయితే ఈ తిత్తిని ఊదువాడెవడు? దాని యుక్తి యంతయు ఇచ్చటనే యున్నది. పెట్రోలునందలి వేడిమిలో సుమారు మూడవ వంతు పొగతోపాటు వెలికి పోవుచున్నది. ఆ వేడి పొగ త్రోవలో చిన్న చక్రమొకటి నిలిపినారు. దానిని మనము పొగచక్రమందము. దాని ఇరుసు రెండవ కొనకు మరియొక చక్రము బిగింపబడియుండును, అది గాలిచక్రము. పొగ తాకిడికి పొగచక్రము తిరుగగా, గాలిచక్రమును దానితో తిరిగి, వెలుపలి గాలిని అదిమి ఇంజనులోనికి నెట్టును. నిమిషమునకు 1 లక్షకు మించిన చుట్లు ఈ చక్రములకు సాధారణము. పెట్రోలు కారులో వీని చెంతకు వచ్చు పొగ వేడిమి 900 డిగ్రీల సెంటిగ్రేడు వరకు ఉండును. వృథాగా పోవలసిన పొగయే తిత్తి ఊదు పనివాడైనది.

స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూఖి ఈ యుక్తికి 1905 లో పేటెంటు పొందెను. 1918 లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అను ఇంజనీరు ఒక విమానపు ఇంజనును 14,000 అడుగులకు మించిన పైక్స్ పీక్ శిఖరముపైకి చేర్చి పరీక్షించెను. నేలమట్టమున 350 అశ్వశక్తుల పని చేసిన ఆ ఇంజను, శిఖరమునందలి పలుచని గాలిలో 230 అశ్వశక్తులే ఇచ్చెను. టర్బో బిగింపగా అచ్చటనే 356 అశ్వశక్తుల పని చేసెను. 1962 లో అమెరికా కంపెనీలు టర్బో గల కార్లను సామాన్య జనులకు అమ్మ మొదలిడెను.

మనకు దగ్గరి ఉదాహరణము కూడ కలదు. మన తాలూకాకు తూర్పున, రాష్ట్రపు ఎల్ల దాటిన పిమ్మట, పెనుకొండ యున్నది. దాని చెంత ఎర్రమంచి వద్ద కియా కంపెనీవారి కార్ల కర్మాగారము కలదు. 2019 లో అచ్చటినుండి వెలువడిన సెల్టోస్ కారునకు రెండు విధముల పెట్రోలు ఇంజనులుండెను. టర్బో లేనిది 1,497 ఘన సెంటీమీటర్ల ఇంజను. బలము 115 అశ్వశక్తులు. టర్బో గలది 1,353 ఘన సెంటీమీటర్ల ఇంజను. బలము 140 అశ్వశక్తులు. చిన్న ఇంజనే పెద్దదానికంటె హెచ్చు బలము నిచ్చినది. అది పందెపు కారు కాదు. అయినను సూత్రము ఒక్కటే. ఇంకొక సంగతి గమనింపుడు. టర్బో గల ఇంజను చప్పుడు హెచ్చుగా చేయదు. పొగచక్రము పొగయొక్క దెబ్బలను తానే కొంత మ్రింగివేయును. బలము పెరుగగా చప్పుడు తగ్గినది!

2. పొగ నడచు బాట

టర్బోను దాటిన పొగ తిన్నగా వెలికి రాదు. దాని బాటలో వరుసగా నాలుగు మజిలీలు కలవు.

మొదటిది, టర్బోనుండి క్రిందికి దిగు గొట్టము. దీని ఆరంభమున వేస్టుగేటు అను చిన్న తలుపు ఉండును. చెరువు నిండినపుడు మిగులు నీరు మరవపై పొరలి పోవునుగదా! అట్లే పొగ హెచ్చైనపుడు, అది పొగచక్రమును తాకకుండ ప్రక్కగా పోవుటకు ఈ తలుపు తెరచుకొనును. మరవ లేని చెరువు కట్ట తెగును; వేస్టుగేటు సరిగా పని చేయని టర్బో ఇంజనును చెరచును.

రెండవది కాటలిటిక్ కన్వర్టరు. తేనెపట్టు వలె సన్నని రంధ్రములు గల దిమ్మెపై ప్లాటినము, పెల్లాడియము, రోడియము వంటి విలువగల లోహములు పూయబడియుండును. పొగలోని కార్బన్ మోనాక్సైడు అను విషవాయువును, కాలక మిగిలిన పెట్రోలు ఆవిరిని, నైట్రోజన్ ఆక్సైడులను ఇది మార్చివేసి, అంత హాని చేయని వాయువులుగా పంపును. మన దేశమున 1995 ఏప్రిలులో నాలుగు మహానగరములందలి క్రొత్త పెట్రోలు కార్లకు దీనిని తప్పనిసరి చేసిరి.

మూడవది ఆక్సిజన్ సెన్సారు. ఇది పొగ బాటలో కూర్చున్న కాపరి. పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలినదో కనిపెట్టి ఇంజను కంప్యూటరునకు తెలుపును. దానినిబట్టి కంప్యూటరు పెట్రోలును హెచ్చించును, తగ్గించును. కన్వర్టరునకు ముందొకటి, వెనుకనొకటి చొప్పున ఈ కాపరులుందురు.

నాలుగవది సైలెన్సరు. అమెరికాలో రీవ్స్ సోదరులు 1897 లోనే దీనికి పేటెంటు పొందిరి. దీని డొల్లలో గదులు, చిల్లుల గొట్టములు ఉండును. ధ్వని తరంగములు గోడలను తాకి వెనుకకు మరలి, ఎదురు వచ్చు తరంగములతో కలిసి ఒకదానినొకటి అణచుకొనును. కొన్నిటిలో గాజునార వంటి పదార్థమును కూరి ధ్వనిని పీల్చునట్లు చేయుదురు.

3. గొట్టము మార్చినచో కలుగు లాభము, నష్టము

పొగచక్రము బాగుగా తిరుగవలెనన్నచో దానికి ముందు ఒత్తిడి హెచ్చుగాను, వెనుక ఒత్తిడి తక్కువగాను ఉండవలెను. వెనుకటి బాట ఇరుకైనచో పొగ తడబడి నిలుచును, చక్రము నెమ్మదించును. బాట విశాలమైనచో చక్రము త్వరగా వేగమందుకొనును. కనుక టర్బో కారు విషయమున "పొగగొట్టము మార్చినచో బలము" అను మాటలో కొంత నిజము కలదు.

గొట్టపు బాట ఎంత విశాలమగునో లెక్కించి చూడుడు. వృత్తవైశాల్యము వ్యాసము యొక్క వర్గమునుబట్టి పెరుగును. 2 అంగుళముల గొట్టమునకు మారుగా 3 అంగుళముల గొట్టము బిగించినచో వైశాల్యము 4 పాళ్లనుండి 9 పాళ్లగును. అనగా రెండుంబావు రెట్లు.

అయితే కాలువను వెడల్పు చేసినంత మాత్రమున చేనికి నీరు హెచ్చుగా పారునా? చెరువు తూము ఎంతయో పారుదల అంతయే. అట్లే పొగ బాటలో అన్నిటికంటె ఇరుకైన చోటు ఏదో అదియే పారుదలను నిర్ణయించును. ముందు భాగమును అట్లే యుంచి, కన్వర్టరు వెనుకనున్న గొట్టమును, సైలెన్సరును మాత్రము మార్చినచో పెరుగు బలము స్వల్పము. పెరుగు చప్పుడు అధికము.

ముందు భాగమును సైతము విశాలము చేసినచో వేరొక చిక్కు కలదు. పొగ విరివిగా పారి, వేస్టుగేటు మళ్లింపగలిగినదానికంటె హెచ్చు పొగ చక్రమును తాకును. ఇంజనులోనికి గాలి మితిమీరి చొచ్చును. కంప్యూటరులోని లెక్కలను నిపుణులచే తిరిగి వ్రాయింపనిచో ముషలములు కరగుటయు, ఇంజను చెడుటయు సంభవించును. కన్వర్టరును పెరికివేయుట అన్నిటికంటె చెడ్డ పని. అది ఒక్క బండికి కొంత వేగమిచ్చి ఊరివారందరి ఊపిరిలో విషము కలుపుట యగును.

మన ఊళ్ల 100, 150 ఘన సెంటీమీటర్ల ద్విచక్రముల సంగతి చెప్పవలెనా? వానికి టర్బోయే లేదు. వాని గొట్టపు పొడవు, లావు ఆ చిన్న ఇంజనుకు సరిపడునట్లు కొలిచి చేసినవి. లోపలి చిల్లుల గొట్టమును ఊడబెరికినచో చప్పుడు పెరుగును. తక్కువ వేగమున లాగు బలము తగ్గుటయు కద్దు.

4. బిగించు క్రమము

పందెపు బాటకే ప్రత్యేకించిన కారునకు బయటి పొగగొట్టమును బిగించునపుడు నిపుణులు ఒక క్రమమును పాటింతురు. తుప్పు పట్టిన గొట్టమునకు మారుగా క్రొత్త కంపెనీ గొట్టము బిగించునపుడును ఇదియే క్రమము. మోటారు పని నేర్వగోరు విద్యార్థులు దీనిని శ్రద్ధగా చదువవలెను.

మొదట బండి పూర్తిగా చల్లారువరకు ఆగవలెను. సమమైన నేలపై నిలిపి, చక్రములకు అడ్డు పెట్టి, జాకీతో ఎత్తి, ఇనుప స్టాండులపై కూర్చుండబెట్టవలెను. జాకీ ఒక్కదానినే నమ్మి బండి క్రింద దూరరాదు. జాకీ జారి ప్రాణములు కోల్పోయినవారు కలరు.

పిమ్మట తుప్పు పట్టిన నట్లపై తుప్పు వదలించు నూనె చల్లి కొంత సేపు నాననీయవలెను. తొందరపడి త్రిప్పినచో బోల్టు విరుగును. సెన్సారు తీయవలసి వచ్చినచో తీగను మెలిపెట్టక, ముందుగా దాని కొనను విడదీయవలెను. తరువాత గొట్టమును వ్రేలాడదీసిన రబ్బరులను విడిపించి, బరువు మీద పడకుండ ఒకరు పట్టుకొనగా మరియొకరు దించవలెను.

క్రొత్త గొట్టము నెక్కించునపుడు పాత గ్యాస్కెట్టు వాడరాదు, క్రొత్తది వేయవలెను. అన్ని అతుకులను మొదట వదులుగా కూర్చవలెను. గొట్టము బండి అడుగును, బ్రేకు గొట్టములను, పెట్రోలు గొట్టమును ఎచ్చటను తాకకుండ ఎడమున్నదో లేదో చూడవలెను. వేడికి ఇనుము సాగుననియు, ఆ సాగుదలకు చోటుండవలెననియు మీరు భౌతికశాస్త్రమున చదివియున్నారు. అంతయు సరిపోయిన పిమ్మటనే ముందునుండి వెనుకకు వరుసగా, పుస్తకములో చెప్పిన కొలతకు బిగింపవలెను.

చివరకు ఇంజను చల్లగా నున్నపుడే నడిపి, అతుకులపై సబ్బునీరు చల్లి చూడవలెను. బుడగలు లేచినచో అచ్చట పొగ కారుచున్నది. ఒకసారి వేడెక్కి చల్లారిన తరువాత నట్లను మరల సరిచూడవలెను.

ఈ కారుటను తేలికగా తలపరాదు. సెన్సారునకు ముందు సందు ఏర్పడినచో వెలుపలి గాలి లోనికి చొరబడును. కాపరి "ఆక్సిజన్ హెచ్చుగా నున్నది" అని తప్పుడు వార్త పంపును. కంప్యూటరు పెట్రోలును అనవసరముగా పోయును. అంతకంటె పెద్ద కీడు, పొగ కారులోనికి వచ్చుట. కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తములోని హిమోగ్లోబినును ఆక్సిజన్ కంటె 200 రెట్లకు మించిన పట్టుతో పట్టుకొనును. నిద్ర వచ్చినట్లుండి ప్రాణము పోవును. అందుచేత మూసిన గదిలో ఏ బండినైనను నడిపి యుంచరాదు. కన్వర్టరు మిక్కిలి వేడెక్కును గనుక ఎండిన గడ్డిపైనను, కళ్లమున వేరుశనగ కట్టె పైనను కారు నిలుపరాదు.

5. చప్పుడు లెక్క

ధ్వనిని డెసిబెలులతో కొలుతురు. ఈ కొలత మెట్లు వింతగా నుండును. 10 డెసిబెలులు పెరిగినచో ధ్వనిశక్తి 10 రెట్లగును. 20 పెరిగినచో 100 రెట్లగును. కనుక 80 డెసిబెలుల బండిని 100 డెసిబెలుల బండిగా మార్చినవాడు చప్పుడును నూరు రెట్లు పెంచినవాడు.

మరి ఆ చప్పుడులో బలమెంత? చెవులు నొప్పి పెట్టునట్టి 120 డెసిబెలుల ధ్వని ఒక చదరపు మీటరుపై పడినపుడు అది మోయు శక్తి 1 వాటు మాత్రమే. ఇందాక చెప్పిన 140 అశ్వశక్తుల ఇంజను బలము సుమారు 1,03,000 వాట్లు. చప్పుడు బలమునకు కొలబద్ద కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? నిండు కుండ తొణకదని పెద్దలన్నారు.

చక్రములు నడపుటకు చాలని ఆ శక్తియే చెవిని చెరచుటకు మాత్రము చాలును. 85 డెసిబెలుల ధ్వనిని దినమునకు 8 గంటలకు మించి వినరాదని అమెరికా ఆరోగ్య సంస్థ యొకటి నిర్ణయించినది. ప్రతి 3 డెసిబెలులకు ఆ గడువు సగమగును. 100 డెసిబెలులకు 15 నిమిషములే. చెవి లోపలి శంఖమునందు ధ్వనిని గ్రహించు సూక్ష్మమైన రోమకణములు కలవు. అవి చచ్చినచో మనుష్యులకు తిరిగి మొలవవు. పసిబిడ్డలు, ముదుసళ్లు, రోగులు ఈ చప్పుడునకు మొదట బలియగుదురు. బడి ముందు అట్టి బండి పోయినపుడు పాఠము ఆగిపోవుట మీరెరిగినదే.

2023 ఫిబ్రవరి 11 న హైదరాబాదులో హుస్సేన్ సాగరము చెంత విద్యుత్తు కార్ల పందెము జరిగినది. 350 కిలోవాట్ల వరకు, అనగా సుమారు 470 అశ్వశక్తుల వరకు బలము గల ఆ కార్లకు పొగగొట్టమే లేదు. పెట్రోలు పందెపు కార్ల ఉరుము వానికి లేదు. అయినను వేగమునకు కొరతలేదు. ఎండనుండి విద్యుత్తు తీయు పెద్ద క్షేత్రము గల మన తాలూకా బిడ్డలు ఈ సంగతి ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగినది.

6. పెద్దలకు మనవి

కేంద్ర మోటారు వాహన నియమములు, 1989 లోని 120 వ నియమము ప్రతి వాహనమునకు చప్పుడు తగ్గించు సైలెన్సరు ఉండవలెనని శాసించుచున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు 2019 లో చేసిన సవరణ ప్రకారము, అనుమతి లేక బండిని మార్చిన యజమానికి 6 నెలల వరకు ఖైదు గాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. చప్పుడు, పొగల హద్దు మీరి బండి నడిపినవానికి మొదటి తప్పునకే 3 నెలల వరకు ఖైదు, 10,000 రూపాయల వరకు జుల్మానా ఉండవచ్చును. లైసెన్సు 3 నెలలు రద్దగును. పలు పట్టణములలో పోలీసులు ఇట్టి సైలెన్సరులను ఊడదీయించి రోడ్డురోలరు క్రింద నలిపించినారు.

మైనరు బాలుడు బండి నడిపి నేరము చేసినచో దోషము తల్లిదండ్రులదిగాను, యజమానిదిగాను ఎంచబడును. 3 సంవత్సరముల వరకు ఖైదు, 25,000 రూపాయల జుల్మానా, 12 నెలలపాటు బండి రిజిస్ట్రేషను రద్దు అందుకు శిక్ష. బిడ్డ అలిగెనని బండి తాళము చేతికిచ్చుట ప్రేమ కాదు. వేగమందు నిజముగా మక్కువ గలవారికి చెన్నై చెంత ఇరుంగాట్టుకోట్టైలోను, కోయంబత్తూరులోను పందెపు బాటలు కలవు. తగిన వయస్సున, తగిన శిక్షణతో అచ్చట వేగమునకు చోటు కలదు. యంత్రములందు మక్కువ గల బాలునకు ఐటీఐలో మోటారు మెకానిక్కు చదువు కలదు. సైలెన్సరును ఊడబెరుకుట ఎవరైనను చేయగలరు. అది ఎట్లు పని చేయునో చెప్పగలవానికే పని దొరకును.

విద్యార్థులారా! షెడ్డులో వినబడు ఆంగ్లపదములను, బడిలో నేర్చు కన్నడపదములను చూచి జంకకుడు. తిత్తి, తూము, మరవ అను మన ఇంటి మాటలతోనే ఇంత యంత్రమును తెలిసికొంటిమి గదా! తెలిసిన మాటతో మొదలిడినచో తెలియని యంత్రము కూడ లొంగును.

అభ్యాసము

1. తిత్తి, తూము, మరవ, కాపరి - ఇవి పొగ బాటలో వేనికి ఉపమానములు?
2. 2 అంగుళముల గొట్టమునకు మారుగా 2½ అంగుళముల గొట్టము బిగించినచో వైశాల్యము ఎన్ని రెట్లగును?
3. 85 డెసిబెలులకు 8 గంటలు గడువైనచో 94 డెసిబెలులకు ఎంత?
4. అతుకులను మొదట వదులుగా కూర్చి, చివర బిగించుటకు కారణమేమి?
5. "చప్పుడు బలము కాదు" - పాఠమునందలి రెండు లెక్కలతో నిరూపింపుడు.
6. మీ ఊరి మెకానిక్కు నడిగి పది పనిముట్ల పేర్లు వ్రాసి, వానికి తెలుగులోను, కన్నడములోను వాడుకలోనున్న మాటలను చేర్పుడు.